క్రాఫ్ట్‌వెర్క్‌ను తొలిసారి ఆరుబయట వినబోతున్నాను: ఎక్కడ నిలబడాలి, ఏమి గమనించాలి?

కిన్నెరసాని:

అందరికీ నమస్కారం. నా సొంత ఊరు పాల్వంచ. పదకొండేళ్ళుగా జర్మనీలో ఉద్యోగం చేసుకుంటున్నాను. మా నాన్నగారు పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రంలో షిఫ్టు ఉద్యోగి కావడం వల్ల నా బాల్యమంతా అక్కడి క్వార్టర్లలోనే గడిచింది. ఎండాకాలం రాత్రుళ్ళు వాకిట్లో మంచాలు వేసుకొని పడుకుంటే, కాలనీ అంతా సద్దుమణిగిన తరువాత, స్విచ్‌యార్డు వైపు నుండి ట్రాన్స్‌ఫార్మర్ల రొద తెల్లవార్లూ ఒకే శ్రుతిలో వినబడుతూ ఉండేది. ఆ రొద లేని ఊరికి చుట్టపుచూపుగా వెళ్తే నాకు నిద్ర పట్టేది కాదు.

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్లో ఒక సీనియర్ తన హార్డ్ డిస్కులో ఉన్న, జర్మన్ ఎలక్ట్రానిక్ సంగీత బృందం క్రాఫ్ట్‌వెర్క్ చేసిన 'ఆటోబాన్' పాటను వినిపించారు. 1974లో వచ్చిన ఆ పాట 22 నిమిషాలకు పైగా సాగుతుంది. కారు తలుపు మూసిన చప్పుడుతో మొదలై, రోడ్డు వెంట పరుగెత్తుతూనే ఉంటుంది. ఆ రాత్రి ఇయర్‌ఫోన్లు పెట్టుకొని అది వింటూ ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపోయాను. క్రాఫ్ట్‌వెర్క్ అనే మాటకు జర్మన్ భాషలో విద్యుత్ కేంద్రం అని అర్థమని నాకు తెలిసింది చాలా నెలల తరువాత. అప్పటి నుండి ఇప్పటి వరకు ఆ బృందం పాటలు వినని వారం నా జీవితంలో లేదనే చెప్పాలి.

ఇన్నేళ్ళుగా ఇదే దేశంలో ఉంటూ కూడా, ఒకసారి టికెట్లు దొరకక, మరొకసారి పాప పసిబిడ్డ కావడం వల్ల, వారిని ప్రత్యక్షంగా చూడలేకపోయాను. ఈ జూలై చివరి వారంలో మా ఇంటికి రెండు గంటల రైలు ప్రయాణం దూరంలో జరిగే ఒక ఆరుబయలు సంగీతోత్సవంలో చివరి ప్రదర్శన వారిదే. మూడు టికెట్లు కొన్నాను: నాకు, నా జీవిత భాగస్వామికి, తొమ్మిదేళ్ళ మా పాపకు.

ఇప్పుడు నా సందేహాలు. మొదటిది, 1970లో డ్యూసెల్‌డార్ఫ్‌లో ఈ బృందాన్ని ప్రారంభించిన ఇద్దరిలో ఫ్లోరియన్ ష్నైడర్ 2020లో కన్నుమూశారు. రాల్ఫ్ హ్యూటర్ ఒక్కరే మిగిలారు. నేను చూడబోయేది నేను ప్రేమించిన బృందాన్నేనా? రెండవది, వేదిక మీద నలుగురు నాలుగు బల్లల వెనక కదలకుండా నిలబడి ఉంటారు కదా, అక్కడ నిజంగా వాయిస్తున్నది ఎంత, యంత్రం తనంతట తాను నడుస్తున్నది ఎంత? మూడవది, వేలమంది ఉండే మైదానంలో ఈ సంగీతం సరిగా వినబడాలంటే ఎక్కడ నిలబడాలి? పాప చెవుల విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? వారిని చూసినవారు, ధ్వని గురించి తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

రైన్ ఒడ్డు:

కిన్నెరసాని గారికి నమస్కారం. నేను డ్యూసెల్‌డార్ఫ్‌లోనే ఉంటాను. ఈ బృందం ఏళ్ళ తరబడి పనిచేసిన క్లింగ్ క్లాంగ్ స్టూడియో ఉండిన మింట్రోప్ వీధి మా ఊరి పెద్ద రైల్వే స్టేషనుకు నడిచిపోయేంత దగ్గర. బయటి నుండి చూస్తే అదొక మామూలు భవనం. లోపల ఏమి పుట్టిందో తెలియనివారు తల తిప్పి కూడా చూడరు.

నేను వారిని చూసింది 2017 జూలై 1న. ఆ ఏడాది టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం మా ఊళ్ళోనే మొదలైంది. తొలి రోజు 14 కిలోమీటర్ల పోటీ వానలోనే జరిగింది. తడిసిన రోడ్ల మీద పేరున్న ఆటగాళ్ళే జారిపడ్డారు. ఆ సాయంత్రం రైన్ నది పక్కన ఎహ్రెన్‌హోఫ్ ప్రాంగణంలో క్రాఫ్ట్‌వెర్క్ ప్రదర్శన. హ్యూటర్ గారికి సైకిలంటే ప్రాణమని మీకు తెలిసే ఉంటుంది. 1983లో వారు చేసిన 'టూర్ ద ఫ్రాన్స్' పాటలో తాళం వెనక వినబడేది సైకిల్ తొక్కేవాడి ఊపిరి, గొలుసు తిరిగే చప్పుడు. పొద్దున్న వానలో వగరుస్తూ పోయిన ఆటగాళ్ళను చూసిన కళ్ళతోనే, రాత్రి అదే ఊపిరి పెద్ద స్పీకర్లలో నుండి వస్తుంటే విన్నాను. ఆ పాటను నేను అంతకు ముందు వందసార్లు విని ఉంటాను. అందులో ఒక మనిషి శ్రమ పడుతున్నాడని నాకు తెలిసింది ఆ రాత్రే.

మీ మొదటి సందేహానికి నా సమాధానం ఇది. ష్నైడర్ గారు 2020లో కన్నుమూయడానికి పన్నెండేళ్ళ ముందే బృందానికి దూరమయ్యారు. 1970ల మధ్య నుండి వారితో ఉండిన వోల్ఫ్‌గాంగ్ ఫ్లూర్, కార్ల్ బార్టోస్ ఇంకా ముందే వెళ్ళిపోయారు. అయినా హ్యూటర్ గారు తమను తాము ఎప్పుడూ సంగీత కార్మికులమనే చెప్పుకున్నారు. కార్ఖానాలో షిఫ్టు మారినంత మాత్రాన కార్ఖానా మారదు కదా. ఈ మాట మీ నాన్నగారికి నా కంటే బాగా తెలుస్తుంది. హెనింగ్ ష్మిట్జ్ వంటివారు ఏదో నిన్న మొన్న వచ్చి చేరినవారు కాదు, దశాబ్దాలుగా ఆ బల్లల వెనక ఉన్నవారు. హ్యూటర్ గారు 1946లో పుట్టారు. ఆ వయసులో ఆయన ఇంకా నిలబడి పాడుతున్నారంటే, చూడాలా వద్దా అని ఆలోచించే వ్యవధి మనకు లేదు.

ఇక చూడవలసినవి. ప్రేక్షకుల వైపు నుండి చూస్తే ఎడమ చివరి బల్ల హ్యూటర్ గారిది. పాడేదీ ఆయనే, చిన్న కీబోర్డు మీద ప్రధాన స్వరాలు వాయించేదీ ఆయనే. అందువల్ల వీలైతే మైదానం మధ్య నుండి కొంచెం ఎడమకు జరిగి నిలబడండి. ఆయన చేతులు కనబడతాయి. 'స్పేస్‌ల్యాబ్' పాట వచ్చినప్పుడు పాపను భుజాల మీదికి ఎత్తుకోండి. తెర మీద అంతరిక్షం నుండి భూమి కనబడుతుంది, ఆ తరువాత ఒక పళ్ళెం ఆకారపు వ్యోమనౌక సరిగ్గా ఆ ప్రదర్శన జరిగే ఊళ్ళోనే దిగుతుంది. ఏ ఊరికి వెళ్తే ఆ ఊరి భవనమే తెర మీద ఉంటుంది. ఇంకొక మాట: చివరి పాట మొదలవగానే కొందరు రద్దీకి భయపడి రైలు కోసం బయలుదేరుతారు. మీరు మాత్రం కదలవద్దు. ఎందుకో ఇప్పుడు చెప్పను.

మిక్సర్ వెనకాల:

నేను హైదరాబాదులో పద్దెనిమిదేళ్ళుగా సభలకు, కచేరీలకు, పెద్ద మైదానాల్లో జరిగే కార్యక్రమాలకు సౌండ్ చేస్తున్నాను. క్రాఫ్ట్‌వెర్క్‌కు పనిచేసే అదృష్టం నాకు కలగలేదు గాని, మైదానం ఎక్కడైనా మైదానమే, గాలి ఎక్కడైనా గాలే. మీ మూడవ సందేహానికి నేను సమాధానం చెబుతాను. కాస్త పెద్దదే అవుతుంది, ఓపికగా చదవగలరు.

ముందుగా గమనించవలసింది, వేదికకు ఆనుకొని ఉండే మొదటి వరుసలు ఈ సంగీతానికి మంచి చోటు కావు. పెద్ద స్పీకర్ల వరుసలు ఎత్తున వేలాడుతూ దూరాన ఉన్నవారి కోసం గురిపెట్టి ఉంటాయి. వాటి ధ్వనిలో ఎక్కువ భాగం ముందు వరుసల వారి తలల మీదుగా దాటిపోతుంది. వారికి అందేది వేదిక అంచున పెట్టిన చిన్న స్పీకర్ల శబ్దం, కింద ఉన్న బేస్ (లోతైన మంద్ర ధ్వని) బాక్సుల దెబ్బ. ఆ రెండింటి మధ్య ఉండవలసిన ధ్వని పలచబడి, పాట ఏ పొరకా పొర విడిపోయినట్టు ఉంటుంది. క్రాఫ్ట్‌వెర్క్ పాటలో ప్రతి చిన్న టిక్కుకూ ఒక చోటు ఉంటుంది. ఒక స్వరం కుడి నుండి ఎడమకు నడిచి వెళ్తుంది. ఆ నడక వినాలంటే ఎడమ, కుడి స్పీకర్లు రెండూ మీకు ఇంచుమించు సమాన దూరంలో ఉండాలి.

మైదానం మధ్యలో, జనం నడుమ, కంచె వేసిన ఒక గుడారం కనిపిస్తుంది. మిక్సర్, లైట్ల బల్ల అక్కడే ఉంటాయి. ధ్వనిని సరిచేసే మనిషి తన చెవులతో వింటూ సరిచేస్తాడు కాబట్టి, అతను నిలబడిన చోట బాగుండేట్లే చూసుకుంటాడు. ఆ గుడారానికి పది పదిహేను అడుగుల ముందు నిలబడటం ఉత్తమం. గుడారం వెనక నిలబడితే తెర కనబడదు, ధ్వని కూడా కొంత అడ్డుపడుతుంది.

బేస్ సంగతి వేరు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. 40 హెర్ట్జ్, అంటే సెకనుకు 40 కంపనాలు, ఉండే ఒక బేస్ స్వరాన్ని తీసుకుంటే, దాని ఒక్క అల పొడవే ఎనిమిదిన్నర మీటర్లు దాటుతుంది. ఎడమ బాక్సుల నుండి, కుడి బాక్సుల నుండి బయలుదేరిన రెండు అలలు మైదానం నడిమి గీత మీద ఒకేసారి చేరి బలపడతాయి. ఆ గీత నుండి పక్కకు జరిగిన చోట ఒకటి ఎక్కువ దూరం, మరొకటి తక్కువ దూరం ప్రయాణించి వస్తాయి. ఆ తేడా అల పొడవులో సగమైతే ఒకదానినొకటి చంపుకుంటాయి. అందువల్లనే ఒకచోట గుండె అదిరిపోతుంటే, నాలుగడుగులు పక్కన ఉన్నవారికి బేసే లేదనిపిస్తుంది. ఈ మధ్య చాలామంది బేస్ బాక్సులను వేదిక ముందు ఒకే వరుసగా పరిచి ఈ ఇబ్బందిని బాగా తగ్గిస్తున్నారు, అయినా పూర్తిగా పోదు. మీరు నిలబడిన చోట బేస్ బాగా లేదనిపిస్తే ఆ ఉత్సవాన్ని నిందించుకుంటూ కూర్చోకుండా, అటో ఇటో ఐదారు అడుగులు జరిగి మళ్ళీ వినండి. మీ పాల్వంచ ట్రాన్స్‌ఫార్మర్ల రొద గురించి చదివి సంతోషం కలిగింది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ రొద దానికి రెట్టింపు, అంటే 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మీరు చిన్నతనం నుండి బేస్ వింటూనే పెరిగారన్న మాట.

మరీ వెనక ఉండవలసి వస్తే మైదానం మధ్యలో అదనపు స్పీకర్ల స్తంభాలు ఉన్నాయేమో చూడండి. వేదికకు 100 మీటర్ల దూరంలో ఉన్నవారికి శబ్దం సెకనులో మూడో వంతుకు కాస్త తక్కువ ఆలస్యంగా చేరుతుంది. ఆ స్తంభాల ధ్వనిని కూడా లెక్కగట్టి అంతే ఆలస్యం చేసి పంపుతారు, లేకపోతే ఒకే దెబ్బ రెండుసార్లు వినబడుతుంది.

ఇప్పుడు పాప విషయం; దీనిని దయచేసి తేలికగా తీసుకోవద్దు. 85 డెసిబెళ్ళ శబ్దాన్ని రోజుకు 8 గంటల వరకు వినవచ్చునని పని స్థలాల కోసం వేసిన లెక్క ఒకటి ఉంది. ప్రతి 3 డెసిబెళ్ళకూ ఆ సమయం సగమవుతుంది. 88 వద్ద 4 గంటలు, 91 వద్ద 2 గంటలు, అలా దిగుతూ పోతే 100 డెసిబెళ్ళ వద్ద మిగిలేది పావుగంట. సంగీత వేదికల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం పావుగంట సగటు 100 డెసిబెళ్ళు మించకూడదు. అంటే నియమాలన్నీ పాటించిన చోట కూడా, గంటకు పైగా నిలబడి వినేవారి చెవులకు రక్షణ అవసరమే. పెద్దలకు ఫిల్టరు ఉన్న ఇయర్‌ప్లగ్గులు కొనండి. స్పాంజివి చెవిని కాపాడతాయి గాని, సన్నని శబ్దాలను ఎక్కువగా మింగేసి సంగీతాన్ని దుప్పటి కప్పినట్టు చేస్తాయి. తొమ్మిదేళ్ళ పిల్లలకు ప్లగ్గులు చెవిలో సరిగా కుదరవు, కాబట్టి పిల్లల కొలతలో దొరికే ఇయర్‌మఫ్‌లు మేలు. వారం రోజుల ముందే కొని, ఇంట్లో రోజూ కొంతసేపు పెట్టి అలవాటు చేయండి. అక్కడికి వెళ్ళాక మొదటిసారి పెడితే పిల్లలు పది నిమిషాల్లో తీసి పారేస్తారు. పిల్లల ప్రవేశానికి ఏ ఉత్సవం నియమాలు దానివే కనుక టికెట్ వివరాలు మరొకసారి చదవండి.

పాత క్యాసెట్:

నా అభిప్రాయం కొంచెం భిన్నం. నేనైతే మీ స్థానంలో ఉంటే హాలులో జరిగే ప్రదర్శన కోసం వేచి చూసేవాణ్ణి. ఉత్సవంలో వారికి దొరికేది గంట, మహా అయితే గంటన్నర. వారి సొంత ప్రదర్శన రెండు గంటలు సాగుతుంది. 2012 ఏప్రిల్‌లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఎనిమిది రాత్రులు, రాత్రికి ఒక ఆల్బమ్ చొప్పున త్రీడీ దృశ్యాలతో వాయించారు. ఆ తరువాతి ఏళ్ళలో వేర్వేరు చోట్ల కూడా సాగిన ఇటువంటి ప్రదర్శనల నుండి కూర్చిన ఆల్బమ్‌కు 2018లో గ్రామీ కూడా వచ్చింది. ఆ దృశ్యాలను నిండు చీకటిలో చూడాలి, అద్దాలు పెట్టుకొని చూడాలి. ఆరుబయట, చేతిలో బీరు గ్లాసుతో అటూ ఇటూ తిరిగే జనం మధ్య, ఐరోపా వేసవి వెలుతురులో ఆ అనుభవం సగమైనా దక్కుతుందా అని నా సందేహం. మీరు ఇన్నేళ్ళు ఎదురుచూసిన తొలి దర్శనం కాబట్టే ఈ మాట చెబుతున్నాను.

శ్రుతిపెట్టె:

పాత క్యాసెట్ గారు చెప్పినదానిలో వెలుతురు గురించిన మాట నిజమే గాని, జూలై చివరికి జర్మనీలో రాత్రి పదింటికి చీకటి పడుతుంది. చివరి ప్రదర్శన అయితే ఆ చిక్కు ఉండదు. ఎదురుచూడమన్న సలహాతో మాత్రం నేను ఏకీభవించలేను. ఎనభైకి చేరువైన కళాకారుడి విషయంలో మరుసటి ఏడాదిని నమ్ముకోవడం మంచిది కాదు. నేను బాల్యం నుండి కర్ణాటక సంగీతం వింటున్నాను. వాయిదా వేసి పోగొట్టుకున్న కచేరీలు నాకూ ఉన్నాయి, వాటిని తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నేను ముఖ్యంగా మీ రెండవ సందేహం గురించి రాయాలనుకుంటున్నాను. వాయిస్తున్నది ఎంత అని అడిగారు. కచేరీకి వెళ్ళినప్పుడు కీర్తన ముందే కూర్చినదే అని మనకు తెలుసు. సాహిత్యం తెలుసు, స్వరం తెలుసు, తరువాతి సంగతి, అంటే ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే మలుపు, ఎలా ఉంటుందో కూడా తెలుసు. అయినా ఎందుకు వెళ్తాము? ఆ పూట ఆ గాయకుడు ఆ సంగతిని ఎక్కడ ఆపుతాడు, ఎక్కడ సాగదీస్తాడు, ఏ స్వరం మీద కాస్త ఎక్కువ సేపు నిలుస్తాడు అన్నది వినడానికి వెళ్తాము. తంబురా తన పని తాను చేసుకుపోతుంటుంది. దానిని మీటేవారు రాగం పాడటం లేదని ఎవరూ ఆక్షేపించరు. క్రాఫ్ట్‌వెర్క్ వేదిక మీద తాళం, బేస్ వరుసల్లో చాలా భాగాన్ని సీక్వెన్సరు, అంటే ముందే అమర్చిన స్వరాలను తనంతట తాను వాయించే యంత్రం, నడిపిస్తుంది. దాని మీద హ్యూటర్ గారు పాడతారు, ప్రధాన స్వరాలు వాయిస్తారు. మిగిలినవారు ఆ వరుసలను తెరుస్తూ మూస్తూ, ధ్వని రంగును మారుస్తూ ఉంటారు. కుడి చివరనున్నవారు తెర మీది దృశ్యాలను పాటతో పాటు నడిపిస్తారు. దానిని కూడా వాయించడమనే నేను అంటాను.

1981 ప్రపంచ యాత్రలో వారు తమ స్టూడియోనంతా ఊడదీసి, ఇంగ్లీషు వి అక్షరం ఆకారంలో వేదిక మీద మళ్ళీ నిలబెట్టారు. 'పాకెట్ క్యాలిక్యులేటర్' పాట వచ్చినప్పుడు చేతిలో పట్టే చిన్న వాయిద్యాలతో వేదిక అంచుకు వచ్చి, ముందు వరుసలో ఉన్నవారి చేత మీటలు నొక్కించేవారు. యంత్రాల వెనక దాక్కోవాలనుకునేవారు అలా చేయరు. 2018 జూలైలో స్టుట్‌గార్ట్‌లో జాజ్ ఉత్సవం జరుగుతున్నప్పుడు, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్న జర్మన్ వ్యోమగామి అలెగ్జాండర్ గెర్స్ట్ తెర మీద ప్రత్యక్షమై ప్రేక్షకులకు శుభాకాంక్షలు చెప్పారు. ఆ తరువాత తన చేతిలోని టాబ్లెట్ మీద స్వరాలు వాయిస్తూ 'స్పేస్‌ల్యాబ్' పాటలో వీరితో గొంతు కలిపినట్టు కలిశారు. అది కూడా ఆరుబయలు ఉత్సవమే!

ఇంకొక ఉదాహరణ. 'రేడియోయాక్టివిటీ' పాట 1975 నాటిది. అప్పుడు అది రేడియో తరంగాలకూ అణుధార్మికతకూ మధ్య శ్లేషగా, ఏ పక్షమూ వహించకుండా ఉండేది. చెర్నోబిల్ ప్రమాదం తరువాత, 1991లో చేసిన కొత్త రూపంలో దానికి ఆపండి అనే మాట చేరింది, ప్రమాదాలు జరిగిన ఊళ్ళ పేర్లు చేరాయి. ఫుకుషిమా తరువాత, 2012లో టోక్యో దగ్గర జరిగిన ప్రదర్శనలో, జపాన్ సంగీతకారుడు రియూయిచి సకమోతో సహాయంతో జపనీస్ చరణాలు చేరాయి. ఒకే పాట దశాబ్దాల పాటు లోకంలో జరిగినదానికి స్పందిస్తూ, వేదిక మీదనే పెరుగుతూ వచ్చింది. విద్యుత్ కేంద్రం నీడలో పెరిగిన మీరు ఆ పాటను ఎలా వింటారో తెలుసుకోవాలని నాకు చాలా ఆసక్తిగా ఉంది. వెళ్ళివచ్చాక తప్పక రాయండి.

కిన్నెరసాని:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. వెళ్ళివచ్చి నాలుగు రోజులైంది. అడిగినవారికి అడిగినట్టు చెప్పడం నా బాధ్యత.

మిక్సర్ వెనకాల గారి మాట ప్రకారం గుడారానికి ముందు, రైన్ ఒడ్డు గారి మాట ప్రకారం కాస్త ఎడమకు చోటు చూసుకున్నాము. దాని కోసం ఒక బృందం ప్రదర్శన ఉండగానే వెళ్ళి నిలబడవలసి వచ్చింది. మొదట నిలబడిన చోట బేస్ బాగా పలచగా అనిపించింది. ఏడెనిమిది అడుగులు మధ్యకు జరిగేసరికి ఎవరో తలుపు తెరిచినట్టు మారిపోయింది. నా భాగస్వామి నా వైపు తిరిగి, నిజమేనన్నట్టు తల ఊపడం నాకు గుర్తుంది. పాప ఇయర్‌మఫ్‌లు చివరి వరకు తీయలేదు. త్రీడీ అద్దాలు ఇవ్వలేదు గాని, తెర ఎంత పెద్దదంటే లేని లోటు తెలియలేదు. ఒక్క ఇబ్బంది మాత్రం చెప్పాలి: నీళ్ళ కుళాయిల దగ్గర వరుస చాలా పొడవుగా ఉండి, పాపను పట్టుకొని అరగంట నిలబడవలసి వచ్చింది. పిల్లలతో వెళ్ళేవారు సీసాలు ముందే నింపుకోవడం మంచిది.

పది దాటాక దీపాలన్నీ ఆరిపోయాయి. నలుగురూ నడిచి వచ్చారు, గళ్ళగళ్ళ గీతలు వెలిగే దుస్తుల్లో. ఎడమ చివరి బల్ల దగ్గర ఆయన. నేను చాలాసేపు తెర వైపు చూడనే లేదు. దూరం వల్ల ముఖం స్పష్టంగా కనబడకపోయినా కుడి చేయి కనబడుతోంది. శరీరం నిశ్చలంగా ఉంది, కుడి మోకాలు ఒక్కటే తాళానికి తగినట్టు కొద్దిగా వంగి లేస్తోంది. 'కంప్యూటర్ లవ్' పాటలో నేను వేలసార్లు విన్న ఆ స్వరాల వరుసను వాయిస్తున్నప్పుడు, ఆల్బమ్‌లో కంటే వెంట్రుకవాసి ఆలస్యంగా చివరి స్వరం పడింది. శ్రుతిపెట్టె గారూ, మీరు సంగతి గురించి రాయకపోతే నేను దానిని గమనించి ఉండేదాన్ని కాదు. యంత్రం ఆ స్వరం కోసం ఆగదు, మనిషి ఆగాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

'నంబర్స్' పాటలో యంత్రపు గొంతులు జర్మన్‌లో, ఇంగ్లీషులో, ఫ్రెంచిలో, జపనీస్‌లో, ఇంకా ఇతర భాషల్లో అంకెలు లెక్కపెడుతూ పోతాయి కదా. మా పాప బడిలో జర్మన్ మాట్లాడుతుంది, మాతో ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది. తెర నిండా ఆకుపచ్చ అంకెలు పరుగెత్తుతుంటే, తన చెవులకు కప్పులు ఉన్నందువల్ల ఎంత గట్టిగా అరుస్తోందో తనకే తెలియకుండా "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని తాళం తప్పకుండా అందుకుంది. పక్కనున్న పెద్దాయన ఒకరు ఇది ఏ భాష అని అడిగారు. చెప్పాను. తరువాతి విడత వచ్చినప్పుడు ఆయన కూడా "ఒకటి, రెండు" వరకు పాపతో కలిసి అన్నారు, మూడు దగ్గర ఆగిపోయి నవ్వారు.

'రేడియోయాక్టివిటీ' మొదట్లో టిక్కు టిక్కుమంటూ, అణుధార్మికతను కొలిచే గైగర్ కౌంటరు శబ్దం, ఆ తరువాత మోర్స్ సంకేతాలు. నేను పెరిగింది బొగ్గు కేంద్రం పక్కన, అణు కేంద్రం పక్కన కాదు. అయినా ఆ పాటలోని లోతైన బేస్ ఛాతీకి తగిలినప్పుడు నాకు తోచింది చెర్నోబిల్ కాదు. రాత్రి షిఫ్టు దిగి, సైకిలును గోడకు ఆనించి, మమ్మల్ని నిద్ర లేపకుండా చెప్పులు చేత్తో పట్టుకొని లోపలికి వచ్చే మా నాన్నగారు తోచారు. ప్రదర్శన ముగిశాక రైలులో నుండి ఆయనకు ఫోన్ చేశాను, అక్కడ తెల్లవారుతోంది. విద్యుత్ కేంద్రం అని పేరు పెట్టుకున్న పాటగాళ్ళను చూసి వస్తున్నామని చెబితే, ఎన్ని మెగావాట్లు అని అడిగారు.

రైన్ ఒడ్డు గారూ, చివరి పాట గురించి మీరు ఎందుకు దాచారో అర్థమైంది. 'మ్యూజిక్ నాన్ స్టాప్' నడుస్తుండగా కుడి చివరనున్నవారు ముందుగా తన వంతు వాయించి, వేదిక అంచుకు నడిచి, వంగి నమస్కరించి వెళ్ళిపోయారు. తరువాత రెండవవారు, తరువాత మూడవవారు. ఒక్కొక్కరు వెళ్ళినప్పుడల్లా పాటలో ఒక పొర తగ్గుతూ వచ్చింది. చివరికి ఆయన ఒక్కరే మిగిలారు. కాసేపు వాయించారు, గుండె మీద చేయి వేసుకున్నారు, శుభరాత్రి చెప్పి వెళ్ళిపోయారు. నాలుగు బల్లలూ ఖాళీగా ఉన్నాయి, ఆ యంత్రపు గొంతు మాత్రం ఇంకా పాడుతూనే ఉంది. మేము అది ఆగే వరకు నిలబడ్డాము.

తెర మీద వ్యోమనౌక ఎక్కడ దిగిందని మీరు అడుగుతారని తెలుసు. ఆ ఊరి పాత కోట ముందు. మధ్యాహ్నం మేము అదే కోట మెట్ల మీద కూర్చొని పులిహోర తిన్నాము కాబట్టి, పాప మాత్రం తాను కూర్చున్న చోటే అది దిగిందని ఇప్పటికీ గట్టిగా చెబుతోంది.